బరువు నడుముకు కట్టుకో పాపా

పాపా,

నిన్న రాత్రి పదిన్నరకు మీ నాన్న ఫోన్ చేస్తే ఎవరికేమైందోనని గుండె ఝల్లుమంది. తీరా చూస్తే సంగతి నీది. "అక్కా, నీ మేనకోడలు వీపున 15 కేజీలు వేసుకుని పొద్దున్నే బెంగళూరులో అగర చెరువు చుట్టూ తిరుగుతోందట, డిసెంబర్‌లో కుమారపర్వతం ఎక్కుతుందట, నేను చెప్తే వినదు, నువ్వైనా చెప్పు" అన్నాడు. వాడి గొంతులో భయం ఎంతుందో గర్వం కూడా అంతే ఉంది. ఫోన్ పెట్టేశాక నీ ఫోటో పంపాడు.

ఆ ఫోటో చూశాక నాకు నిద్ర పట్టలేదు. బరువు సంగతి అటుంచు, అందులో నీ రెండు బొటనవేళ్లు ఒకసారి చూసుకో. భుజాల మీది పట్టీల కింద దూర్చి, పట్టీలను ముందుకు లాగి పట్టుకున్నావు. ముఖం నవ్వుతోంది, మెడ ముందుకు సాగింది, బ్యాగు నడుము కిందికి జారి వేలాడుతోంది. పట్టీ కోసుకుపోతున్నప్పుడే ఎవరైనా వేళ్లు అలా దూరుస్తారు. నేనూ అలాగే దూర్చేదాన్ని. దాని కథ చెప్తాను, అది చదవకుండా రేపు బ్యాగు ఎత్తకు.

ముందు ఒక మాట. నువ్వు ఈ పని మొదలుపెట్టావని వినగానే నాకు ఎంత సంతోషం వేసిందో మాటల్లో చెప్పలేను. రోజంతా కుర్చీలో కూర్చుని స్క్రీన్ చూసే ఉద్యోగం నీది, వీపు, తుంటి, కాళ్లు గట్టిపడాలంటే బరువుతో నడవడం చాలా మంచి పని. పరుగులో మోకాలి మీద పడేంత దెబ్బ ఇందులో పడదు, నడుస్తున్నా గుండె మాత్రం గట్టిగా పనిచేస్తుంది, ఆడవాళ్లకు వయసు మీద పడ్డాక బోలుబారే ఎముకలకు ఇలాంటి బరువే కావాలి. మన ఇంట్లో ఆడవాళ్లు బరువు మోసినవాళ్లే. మా అమ్మ, అదే మీ జేజి, తల మీద గుడ్డ చుట్ట పెట్టుకుని దాని మీద బిందె, చంకలో ఇంకో బిందె, అలా ఊరి బావి నుంచి ఇంటికి వచ్చేది, తొణికేది కాదు. నేనూ 30 ఏళ్లు రాళ్లు మోశాను. ఇప్పుడు నువ్వు. కాబట్టి మానెయ్యమని ఈ లేఖ రాయడం లేదు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. బూట్లు కొత్తవి వద్దు, అలవాటైనవే వేసుకో. ఖాళీ కడుపుతో వెళ్లకు, గుప్పెడు వేరుశనగ గింజలో ఒక అరటిపండో తిని వెళ్లు. వారానికి రెండుసార్లు చాలు, మధ్యలో రెండు రోజులు కాళ్లకు సెలవివ్వు. వీపున బరువుతో పరుగెత్తకు, ఎంత చిన్న బరువైనా సరే. పక్కన ఎవరైనా ఉంటే మాట్లాడుతూ నడవగలగాలి, మాట తెగి ఆయాసం వస్తోందంటే వేగం ఎక్కువైందని. ఇక రోడ్డు మీది ఫుట్‌పాత్‌లు నమ్మకు, ఈ ఊళ్లో బండ ఎక్కడ ఊగుతుందో ఎక్కడ లేచిపోయి ఉంటుందో తెలీదు, బరువుతో ఉన్న మనిషి తడబడితే నిలదొక్కుకోవడం కష్టం.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు 55 కేజీలుంటావేమో, 15 కేజీలంటే నీ ఒంట్లో నాలుగో వంతు కన్నా ఎక్కువ. మొదటి వారమే అంత ఏమిటికి ఎత్తుకున్నావని అడిగితే మీ నాన్న అన్నాడు, "ఆఫీసులో వాళ్ల టీమ్ మగపిల్లలు 15 వేసుకుంటున్నారట, తనూ అంతే వేసుకుంటుందట" అని. ఆ మాటతో నా ప్రాణం ఉసూరుమంది. ఎందుకంటే నా భుజం పోయిందీ సరిగ్గా అందుకే.

1988 జనవరి. అప్పుడు నాకు 28. చిత్రదుర్గ వైపు కొండల్లో క్యాంపు. ఎక్కడ ఏ రాయి ఉందో భూమి మ్యాపు గీసే ఉద్యోగం అంటే రోజంతా నడకే, ఎత్తుపల్లాలు చూపే టోపోషీటు పట్టుకుని ఒక వాగు వెంట పోవడం, ఎక్కడ రాయి మారితే అక్కడ ఆగడం, సుత్తితో పిడికిలంత ముక్క కొట్టి, గుడ్డ సంచిలో వేసి, నంబరు రాసి, వీపున ఉన్న కాన్వాస్ బ్యాగులో పడేయడం. మామూలు జనం పొద్దున బరువుతో బయల్దేరి సాయంత్రానికి తేలికపడతారు. మాది తలకిందులు. పొద్దున బ్యాగులో నీళ్లు, నోట్‌బుక్కు, కాస్త తిండి. సాయంత్రానికి 14 కేజీలో 15 కేజీలో రాళ్లు, అదీ అలసిపోయిన ఒంటి మీద. ఆ బ్యాగు ఆఫీసు ఇచ్చింది. పట్టీలు రెండు వేళ్ల వెడల్పు, లోపల దూది గీది ఏమీ లేదు, నడుముకు కట్టు లేదు. ఎవరికీ లేదు, అందరూ అవే మోసేవాళ్లు.

క్యాంపులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆడపిల్లను ఫీల్డుకు పంపడం ఏమిటని మా పై అధికారి అప్పటికే ఒకటి రెండుసార్లు నా ముందే అన్నాడు. నాకు సాయంగా వచ్చే ఒక కన్నడ పెద్దాయన ఉండేవాడు, పొద్దు నడినెత్తికొచ్చేసరికి రోజూ చెయ్యి చాచేవాడు, "కొడి మేడం, నాను హొర్తీని" అని. ఇవ్వండి, నేను మోస్తాను అని. ఒక్కరోజూ ఇవ్వలేదు. ఇస్తే సాయంత్రం ఆ మాట క్యాంపంతా పాకుతుందని నా భయం.

రెండో వారంలో కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. చెయ్యి విదిలించుకుంటే పోయేది, మళ్లీ బ్యాగు వేసుకున్న అరగంటకు వచ్చేది. పట్టీ కింద బొటనవేలు దూర్చితే కాస్త హాయిగా ఉండేది. మూడో వారంలో మెడ పక్క నుంచి భుజం లోపలికి ఒక నొప్పి, పంటినొప్పి లాంటిది, రాత్రి పడుకుంటే ఎక్కువ. ఎవరికీ చెప్పలేదు. అమృతాంజనం రాసుకుని, పొద్దున్నే అందరి కన్నా ముందు బయల్దేరేదాన్ని, నాకేం కాలేదని చూపించుకోవడానికి.

ఒకరోజు పొద్దున టెంటులో జడ వేసుకుంటున్నాను. మూడు పాయలు తీసి అల్లడానికి చేతులు వెనక్కి ఎత్తాను. ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయింది. నొప్పి కూడా లేదు పాపా, ఆ చెయ్యి ఇక పైకి లేవదు, అంతే. పట్టుకున్న పాయలు జారి వీపు మీద పడిపోయాయి. మళ్లీ ఎత్తాను, మళ్లీ అక్కడే ఆగింది. తలుపు లేని ఆ టెంటులో ఎవరైనా వస్తారేమోనని జుట్టు ముడేసుకుని, ఆ రోజు కూడా ఫీల్డుకు వెళ్లాను. ఆ రోజు వెళ్లడం ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేని పని.

బెంగళూరు వచ్చాక మొదట చూసిన డాక్టరు మెడ అరిగిందని మాత్రలిచ్చాడు. రెండో ఆయన మందులేమీ రాయకుండా నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లి, రెండు అరచేతులతో గోడను నెట్టమన్నాడు. నెట్టగానే వెనక నిలబడ్డ మీ జేజి "అయ్యో" అని అరిచింది. నా కుడి రెక్క ఎముక వీపు నుంచి పక్షి రెక్కలా పైకి లేచి నిలబడిందట. మెడలో పుట్టి చంక పక్కగా పక్కటెముకల మీదుగా దిగే పొడవాటి నరం ఒకటి ఉంటుంది, రెక్క ఎముకను పక్కటెముకలకు అంటిపెట్టి ఉంచే కండరం దాని మీదే ఆధారపడుతుంది, ఆ నరం నలిగిపోయింది. బరువు సంచులు మోసే సైనికుల్లో ఇది ఎప్పటి నుంచో తెలిసిన జబ్బే, డాక్టర్లు దీన్ని రక్‌సాక్ పాల్సీ అంటారు. దెబ్బతిన్న నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, తొందరపెట్టే మందు లేదు, ఎదురుచూడటమే అని చెప్పాడాయన.

ఎనిమిది నెలలు ఎదురుచూశాను. మీ జేజి అనంతపురం నుంచి వచ్చి నా దగ్గరే ఉండిపోయింది. రోజూ పొద్దున నన్ను పీట మీద కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె రాసి, జడ వేసి పంపేది, స్కూలుకు పంపినట్టు. ఉద్యోగం చేస్తున్న మనిషిని, తల దువ్వుకోలేని మనిషిని. నేను ఏడుస్తున్నానని తెలిసినా ఏమీ అనేది కాదు, దువ్వెన మాత్రం ఇంకాస్త నెమ్మదిగా నడిచేది. ఆ తర్వాతి రెండేళ్లు నన్ను ఫీల్డుకు పంపలేదు. బరువు ఇంకొకరి చేతికిచ్చి ఉంటే క్యాంపులో ఒక పూట మాట్లాడుకుని మర్చిపోయేవాళ్లు. ఇవ్వనందుకు రెండేళ్ల కొండలు పోయాయి నాకు.

మళ్లీ ఫీల్డుకు వెళ్లే రోజు దగ్గరపడ్డాక మీ జేజి ఆ కాన్వాస్ బ్యాగు ముందేసుకుని కూర్చుంది. తిప్పి తిప్పి చూసి, "బరువెత్తే సంచికి నడికట్టు లేకుంటే ఎట్ల మే?" అంది. పొలంలో మూటలెత్తే ముందు వాళ్లు నడుముకు గుడ్డ బిగించి కట్టేవాళ్లు కదా, ఆవిడకు తెలిసింది అది. పాత నూలు చీర చింపి, ఎనిమిది మడతలేసి, అరచేయంత వెడల్పున భుజాలకు పట్టీలు కుట్టింది. కింద నడుముకు ఇంకో పట్టీ. వేసుకుని నిలబడితే బరువంతా భుజాల నుంచి దిగి తుంటి ఎముకల మీద కూర్చుంది. ఆ తర్వాత ఉద్యోగం వదిలేదాకా నాకు వేళ్లు తిమ్మిరెక్కలేదు. ఆ బ్యాగు బీరువాలో ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను.

అందుకని నువ్వు కొన్న ఆ లాప్‌టాప్ బ్యాగు పక్కన పెట్టు. అది పుస్తకాలకు, రాళ్లకు కాదు. నడుముకు వెడల్పాటి బెల్టు, రొమ్ము మీద అడ్డంగా చిన్న పట్టీ ఉన్న ట్రెకింగ్ బ్యాగు తీసుకో. వేసుకునేటప్పుడు ముందు నడుము బెల్టు, అదీ బొడ్డు మీద కాకుండా తుంటి ఎముకల మీద బిగించు, ఆ తర్వాతే భుజం పట్టీలు లాగు. సరిగ్గా కూర్చుంటే పట్టీకీ భుజానికీ మధ్య ఒక వేలు సులువుగా దూరుతుంది. లోపల బరువు అడుగున పడేయకు. అడుగున దుప్పటో తువ్వాలో పెట్టి, దాని మీద బరువు వీపుకు ఆనుకుని రెక్కల మధ్య ఉండేలా సర్దు. డంబెల్స్ వద్దు, అడుగడుక్కీ వీపున గుద్దుతాయి. 5 కేజీల సోనామసూరి సంచి తువ్వాల్లో చుట్టి పెట్టుకుంటే అంతకన్నా మంచి బరువు లేదు.

ఆ 5 కేజీలతోనే మొదలుపెట్టు. ఎక్కువ అనిపించదు, అనిపించకూడదు కూడా. రెండు వారాలకో కేజీ పెంచుకో. బరువు పెంచిన వారం దూరం పెంచకు, దూరం పెంచిన వారం బరువు ముట్టుకోకు. కండ తొందరగా బలపడుతుంది, ఎముకా నరమూ అంత తొందరగా బలపడవు, నాలుగో వారంలో నాకేం కాలేదు కదా అనిపించేది అందుకే. 10 దగ్గర ఆగిపో. కుమారపర్వతం 1,712 మీటర్లు, కుక్కే వైపు నుంచి పోతే ఎక్కుడే ఎక్కుడు, ఆ రోజు నీ వీపున నీళ్లు, తిండి అన్నీ కలిపి అంతకన్నా ఎక్కువ ఉండాల్సిన పని లేదు.

మెట్ల మీద, కొండ మీద సాధన చేసే రోజు బియ్యం బదులు నీళ్ల సీసాలు పెట్టుకో. ఎక్కేటప్పుడు మొయ్యి, పైన చెట్లకు పోసేసి దిగు. మోకాళ్లు పాడయ్యేది దిగేటప్పుడే.

ఇక నా భయాలు. వేళ్లు తిమ్మిరెక్కితే ఆ క్షణమే బ్యాగు దించు, ఇంటి దాకా పోదాంలే అనుకోకు. చెయ్యి బరువుగా అనిపించినా, పట్టు తప్పుతున్నట్టున్నా వారం పాటు బ్యాగు ముట్టుకోకు, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి నేను వస్తాను నీతో. పాదం పైన ఒకేచోట, వేలితో నొక్కితే చురుక్కుమనే నొప్పి వస్తే అది ఎముక చిట్లడం కావచ్చు, 1855లోనే ప్రష్యా సైన్యంలో ఒక డాక్టరు కవాతు చేసే సైనికుల పాదాల్లో చూసి రాసిన జబ్బు ఇది. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా, ఎక్స్‌రే బాగుందని మళ్లీ నడక మొదలుపెట్టకు. ఇంకొకటి, రోజూ రాత్రి జడ వేసుకునేటప్పుడు రెండు చేతులూ సమానంగా లేస్తున్నాయో లేదో చూసుకో. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నావని తెలుసు, అయినా చేతులెత్తి చూసుకో, నా కోసం.

ఆ మగపిల్లలు 15 మోస్తే మోయనీ. వాళ్లలో ఎవరైనా మంచి మనసుతో "ఇలా ఇవ్వు" అంటే, అవసరమైతే ఇచ్చెయ్యి తల్లీ. ఇచ్చినంత మాత్రాన నువ్వు ఎక్కిన కొండ వాళ్లదైపోదు.

ఆదివారం పొద్దున ఆరింటికి లాల్‌బాగ్ వెస్ట్ గేటు దగ్గరికి రా. లోపల కెంపేగౌడ గోపురం ఉన్న బండ మీదికి ఇద్దరం ఎక్కుదాం, 300 కోట్ల ఏళ్ల నాటి రాయి అది, దాని మీద బరువుతో ఎలా దిగాలో నీకు చూపిస్తాను. వాన పడి ఉంటే మాత్రం బండ ఎక్కొద్దు, చెరువు పక్కన నడుద్దాం. నేను ఇప్పటికీ 4 కేజీలు వేసుకునే నడుస్తున్నాను, నీ వెంట రాగలను. బ్యాగు ఖాళీగా తీసుకురా, బియ్యం నేను తెస్తాను. పట్టీలు నేనే బిగిస్తాను. తర్వాత ఇంటికొచ్చి ఉగ్గాని తిని వెళ్దువుగాని.

నీ మేనత్త