‘ఊరి పేరు కాదు, ఇంటి నంబరు చెప్పు’

ప్రశ్న: నేను బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే సెమిస్టర్‌లో ఒక ఎలక్టివ్‌కు బదులుగా, అధ్యాపకుల పర్యవేక్షణలో సొంతంగా పరిశోధన చేసుకునే వీలు మా కళాశాలలో ఉంది. ‘తెలుగుకు కృత్రిమ మేధ’ అనే అంశం తీసుకుంటానంటే మా సారు, ‘అది ఊరి పేరు, నాకు ఇంటి నంబరు కావాలి’ అన్నారు. జీపీయూ (భారీ లెక్కలను వేగంగా చేసే చిప్) లేని ల్యాప్‌టాప్‌తో ఏం చేయగలను? అనుకున్న ఫలితం రాకపోతే మార్కులు పోతాయా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: మీ సారు అడిగినది న్యాయమైనదే. నాలుగు నెలల్లో, ఒక్క మనిషి, ఒక్క కొలతతో తేల్చగల ప్రశ్న దొరికేదాకా అంశాన్ని కుదించుకుంటూ పోవడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం. కోడ్ రాయడం దాని తరువాతి మాట.

మీ అంశంలోనే ఒక ఉదాహరణ చూద్దాం. ‘తెలుగు’ అనే మాటలో ఆరు యూనికోడ్ సంకేతాలున్నాయి (కంప్యూటరులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ ఇచ్చిన సంఖ్యలు); వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడేసి బైట్ల చొప్పున అది 18 బైట్లవుతుంది. ఇదే మాటను రోమన్ లిపిలో రాస్తే ఆరు బైట్లు చాలు. భాషా నమూనాలు పాఠాన్ని ముక్కలు చేసుకోవడానికి ఎక్కువగా వాడే బీపీఈ (బైట్ పెయిర్ ఎన్‌కోడింగ్) పద్ధతిని 1994లో ఫిలిప్ గేజ్ దత్తాంశాన్ని కుదించడానికి ప్రతిపాదించారు. తరచుగా పక్కపక్కన వచ్చే జంటలను కలుపుకుంటూ పోవడమే తప్ప అక్షరమంటే ఏమిటో దానికి తెలియదు కనుక, ‘స్త్రీ’ వంటి ఒకే అక్షరాన్ని కూడా అది నడిమికి విరవవచ్చు. అలా విరగకుండా కట్టడి చేస్తే, అదే పదకోశ పరిమాణంతో (నమూనా వాడుకునే ముక్కల సంఖ్యతో), నమూనా తెలుగును మెరుగ్గా ఊహిస్తుందా? ఇది ఇంటి నంబరు. ముందున్న కొద్ది ముక్కలను బట్టి తరువాతి ముక్కను ఊహించే చిన్న ఎన్-గ్రామ్ నమూనాలతో మీ ల్యాప్‌టాప్ మీదనే దీనికి సమాధానం వెతకవచ్చు.

ఇక్కడ రెండు గోతులున్నాయి. రెండు పద్ధతులు పాఠాన్ని వేర్వేరుగా ముక్కలు చేస్తాయి కాబట్టి ముక్కకు ఇంత అని లెక్కించిన పర్ప్లెక్సిటీలను (తరువాతి ముక్కను ఊహించడంలో నమూనా ఎంత తికమక పడుతుందో చెప్పే కొలతలను) పోల్చకూడదు. పరీక్షా పాఠం (శిక్షణలో చూపకుండా దాచినది) మొత్తాన్ని నమూనా ఊహల ఆధారంగా కుదించి రాయడానికి పట్టే బిట్లను ఆ పాఠంలోని యూనికోడ్ సంకేతాల సంఖ్యతో భాగించి పోల్చాలి. రెండవది మరింత మోసకారి. పాఠం కోసం మీరు బహుశా తెలుగు వికీపీడియా దగ్గరికే వెళతారు. అందులో 2011 జనగణన వివరాలతో ఒకే మూసలో రాసిన గ్రామ వ్యాసాలు కోకొల్లలు. వ్యాసాలను శిక్షణకు కొన్ని, పరీక్షకు కొన్ని అని యాదృచ్ఛికంగా విడగొడితే, ఊరి పేరూ అంకెలూ మాత్రమే మారిన అవే వాక్యాలు శిక్షణ భాగంలోనూ పరీక్ష భాగంలోనూ చేరి, నమూనా బట్టీ పట్టినదంతా నేర్చుకున్నట్టు కనిపిస్తుంది. వాటిని ముందే ఏరివేయండి.

పర్యవేక్షకుడు మీకు అంశం చేతిలో పెట్టేవారూ కారు, మీ కోడ్‌లో తప్పులు దిద్దేవారూ కారు. మీరు తెలియక నడుస్తున్న దారి ఎక్కడ మూసుకుపోతుందో ముందుగా చూడగలిగినవారు. ఆ చూపు మీకు అందాలంటే వారం వారం కలిసే ముందు రోజే, చేసినదేమిటో, ఎక్కడ ఆగిపోయారో, తరువాత ఏం చేయదలిచారో అర పేజీలో రాసి పంపండి. పని జరగని వారం కూడా పంపండి. అటువంటి వారాలలోనే విద్యార్థులు మొహం చాటేస్తారు. అమీర్‌పేటలో సిద్ధంగా దొరికే ప్రాజెక్టులకు ఈ అర పేజీలు ఉండవు, వాటిని కొన్నవారిని రెండో ప్రశ్నే పట్టించేస్తుంది.

ఇక ఫలితం సంగతి. కట్టడి వల్ల తేడా ఏమీ లేదని తేలినా అది సమాధానమే. అయితే పరీక్ష భాగాన్ని మార్చి కనీసం ఐదుసార్లు కొలిచి, ఆ అంకెలు తమలో తాము ఎంత ఊగుతున్నాయో కూడా చూపినప్పుడే ‘తేడా లేదు’ అనే మాటకు విలువ ఉంటుంది. మార్కుల పద్ధతి కళాశాలకొక తీరుగా ఉంటుంది కాబట్టి, ఫలితానికి ఎంత, నివేదికకు ఎంత అన్నది నమోదుకు ముందే మీ సారును అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.