పై షడ్జం దగ్గర గొంతు పట్టేస్తోంది.. పాట మానేయాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. రెండేళ్ల నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. కింద బాగానే పాడతాను గానీ పై షడ్జం (పై స్థాయి ‘స’) దగ్గరికి వచ్చేసరికి నాలుక వెనక్కి లాగేసినట్టు, గొంతు పట్టేసినట్టు అవుతోంది. సరిగమల స్వరాలతో పాడితే కొంత నయం, ‘ఆ’ అంటూ అకారంలో పాడితే మరీ ఇబ్బంది. సాధన అయ్యాక గడ్డం కింద నొప్పి. ‘గొంతు తెరిచి పాడమ్మా’ అంటారు మా గురువుగారు. ఎంత ప్రయత్నిస్తే అంత బిగుస్తోంది. థైరాయిడ్ పరీక్ష చేయిస్తే నార్మల్ అన్నారు. ఇది గొంతు జబ్బా? పాట మానేయాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సలహా: మానేయక్కర్లేదు. గొంతు చూడకుండా ఇదీ అని తేల్చి చెప్పలేను గానీ, మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం స్వరతంత్రుల కంటే వాటి చుట్టూ ఉన్న కండరాల మీదే ఎక్కువ. అందులోనూ నాలుక మొదలు మీద.

స్వరాలతో నయం, అకారంలో ఇబ్బంది అన్నారు చూడండి, కీలకం అందులోనే ఉంది. పై షడ్జానికి అటూ ఇటూ ఉండేవి ని, రి. రెండూ ఇకారాలే. ‘ఇ’ పలకాలంటే నాలుక ముందుకు రాక తప్పదు. ‘ఆ’కు ఆ పట్టింపు లేదు. కాస్త కష్టం అనిపించగానే నాలుక వెనక్కి జారి, గొంతులోకి దిగిపోతుంది.

దిగితే ఏమవుతుంది? గడ్డానికీ స్వరపేటికకూ మధ్య హయాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది. ఒంట్లో మరే ఎముకతోనూ దీనికి కీలు లేదు, కండరాలూ లిగమెంట్లే దీన్ని పట్టి ఉంచుతాయి. నాలుక మొదలు దీన్నే పట్టుకుని ఉంటుంది, స్వరపేటిక దీని కిందే వేలాడుతుంది. కాబట్టి నాలుక బిగిస్తే ఆ బిగువు తిన్నగా స్వరపేటికకు వెళ్తుంది. ఆరు శ్రుతిలో (శ్రుతి అంకె ఆధార షడ్జం ఎంత ఎత్తులో ఉందో చెబుతుంది) మధ్య షడ్జానికి మీ తంత్రులు సెకనుకు దాదాపు 220 సార్లు కంపిస్తే, పై షడ్జానికి 440 సార్లు కంపించాలి. అందుకు స్వరపేటికలోని మృదులాస్థి కాస్త వంగి తంత్రులను సాగదీయాలి. పైనుంచి నాలుక తొక్కుతుంటే ఆ వంపు సాఫీగా జరగదు. స్వరం అందకపోయేసరికి ఊపిరి గట్టిగా తోస్తాం, గొంతు ఇంకా బిగుస్తుంది.

మీ గురువుగారి మాటలో తప్పు లేదు. దాన్ని శిష్యులు అమలుచేసే తీరుతోనే చిక్కు. మేం క్లినిక్‌లో ‘ఆ అనండి’ అన్నప్పుడు నొక్కిపెట్టినట్టే నాలుకను కిందికి నొక్కేస్తారు. అద్దంలో నోరు విశాలంగానే కనిపిస్తుంది. కనిపించని చోట దారి ఇరుకవుతుంది.

ఒక చిన్న పరీక్ష చేసుకోండి. బొటనవేలిని గడ్డం ఎముక వెనక మెత్తటి భాగంలో ఆనించి గుటక వేయండి. వేలికి ఏదో గట్టిగా కిందికి పొడుచుకొచ్చినట్టు తగులుతుంది. ఇప్పుడు వేలు తీయకుండా మధ్య షడ్జం నుంచి పైకి అకారంలో వెళ్లండి. ఏ స్వరం దగ్గర ఆ గట్టిదనం మళ్లీ వస్తుందో, మీ బిగువు మొదలయ్యేది అక్కడే. చాలామందికి అది పై షడ్జం కాదు, ధైవతం (ద) దగ్గరే మొదలైపోతుంది.

సాధన ఇలా మార్చి చూడండి. సన్నటి స్ట్రా నోట్లో పెట్టుకుని, దాంట్లోంచే శబ్దం వచ్చేలా మంద్రం (కింది స్థాయి) నుంచి పైకీ కిందికీ జారుతూ అయిదు నిమిషాలు గొంతు కలపండి. గ్లాసులో రెండు మూడు సెంటీమీటర్ల నీళ్లు పోసి స్ట్రా ముంచి బుడగలొచ్చేలా చేసినా సరే. పెదాల దగ్గర దారి ఇరుకైతే లోపల తంత్రులు తక్కువ శ్రమతో కంపిస్తాయి. తర్వాత నాలుక కొనను కింది పళ్ల వెనక ఆనించి, నాలుక మధ్యభాగాన్ని మెల్లగా బయటికి ఉబ్బించి వదలండి, పదిసార్లు. ఆపైన మీకు ఇబ్బంది పెట్టే సంచారాన్నే (స్వరాల వరుసనే) ముందు ‘ఈ’తో పాడి, నాలుక అక్కడే ఉందనిపించాక దవడ మాత్రం వదులుచేసి ‘ఆ’లోకి మారండి. ‘ఆ’ మొదట్లో కాస్త పల్చగా, తెలియని గొంతులా వినిపిస్తుంది. దానికి భయపడి పాత పద్ధతికి వెళ్లిపోవద్దు. గడ్డం కింద బొటనవేలితో మెల్లగా రాసుకోవచ్చు. మెడ పక్కలు మాత్రం నొక్కకండి, మెదడుకు వెళ్లే రక్తనాళాలు అక్కడ ఉంటాయి.

శ్రుతి సంగతి కూడా ఆలోచించాలి. క్లాసులో అందరూ ఒకే శ్రుతిలో పాడటం బోధనకు సులువే గానీ గొంతులన్నీ ఒకటి కావు. ఆరు శ్రుతిలో నేర్చుకుంటుంటే ఇంట్లో కొన్నాళ్లు అయిదుకు దించి సాధన చేస్తానని గురువుగారిని అడగండి. శ్రుతి దించడం నామోషీ అనే భావన మన దగ్గర ఎందుకుందో నాకెప్పుడూ అర్థం కాదు.

ఇక మీ ఉద్యోగం. రోజంతా క్లాసురూమ్‌లో గొంతెత్తి మాట్లాడి, సాయంత్రం నేరుగా శ్రుతి పెట్టె ముందు కూర్చుంటే అలసిన కండరాలతోనే పాట మొదలవుతుంది. వీలైతే సాధన ఉదయానికి మార్చండి, బడిలో చిన్న మైక్ వాడండి. మాటిమాటికీ గొంతు సవరించుకోకండి, దాంతో తంత్రులు గట్టిగా కొట్టుకుంటాయి. మిరియాల పాలు, లవంగం, పటికబెల్లం గురించి అందరూ అడుగుతారు. హాయిగా ఉంటే తీసుకోండి. అయితే మింగినవేవీ తంత్రులను తాకవు, అవి అన్నవాహికలోకి పోతాయి. రోజంతా కొద్దికొద్దిగా నీళ్లు తాగడమే మేలు. పడుకునే ముందే భోంచేసే అలవాటుంటే మానుకోండి, పొట్టలోని ఆమ్లం పైకి తన్నినా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటుంది. దానికోసం సొంతంగా గ్యాస్ మాత్రలు మొదలుపెట్టకండి.

గొంతు బొంగురు మూడు వారాలు దాటినా, మెడలో గడ్డ, కఫంలో రక్తం, మింగడానికి ఇబ్బంది ఉన్నా ఈఎన్‌టీకి చూపించాలి. ఊపిరి కష్టమైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పాడుతుండగా ఉన్నట్టుండి గొంతు పోతే అది తంత్రిలో రక్తస్రావం కావచ్చు. అక్కడితో పాట, మాట ఆపి, అదే రోజు డాక్టర్‌ను కలవండి.

ఇవేవీ లేకపోయినా నెలన్నర సాధన తర్వాత నొప్పి తగ్గకపోతే, వీడియో స్ట్రోబోస్కోపీ (తంత్రుల కంపనాన్ని నెమ్మదిగా జరుగుతున్నట్టు చూపే పరీక్ష) ఉన్న ఈఎన్‌టీ దగ్గరకు వెళ్లండి. మామూలుగా ‘ఈ’ అనిపించి పంపించేస్తే మీ సమస్య కనపడకపోవచ్చు. ఇబ్బంది వచ్చే స్వరం దాకా పాడుతుండగా చూడమని అడగండి. తంత్రులపై బుడిపెలు లేవని తేలితే స్పీచ్ థెరపిస్ట్ దగ్గరకు పంపుతారు. అక్కడికి వెళ్లేటప్పుడు మీ శ్రుతి పెట్టె కూడా పట్టుకెళ్లండి.