11 రాత్రికే ఇల్లు కదలాలి

బంగారుతల్లీ,

అమెరికాలో, శాన్ హోసేలో చదువుకు సీటు వచ్చిందనీ, ఒక్కదానివే వెళ్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. అప్పటినుంచి గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్లకూ గొప్పగా చెబుతున్నాను. రాత్రయితే మాత్రం నిద్ర పట్టడం లేదు.

"తెల్లవారుజామున 4:20కి ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం 1:40కి దిగిపోతాను అమ్మమ్మా" అన్నావు నిన్న. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారే పిచ్చిపిల్లా. ఆగస్టులో కాలిఫోర్నియా మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. అది కలిపితే నీ ప్రయాణం 22 గంటలకు పది నిమిషాలే తక్కువ. హైదరాబాదునుంచి దుబాయికి సుమారు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. అక్కడినుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 13,000, దాదాపు పదహారు గంటలు. మధ్యమధ్య లేచి నడువు. నీళ్లు తాగు. పాస్‌పోర్టు, కాలేజీవాళ్లిచ్చిన ఐ-20 కాగితం చేతిసంచిలోనే ఉండాలి.

అసలు మాట ఇది. నీ టికెట్టు 12వ తారీకుది. నువ్వు ఇల్లు కదలాల్సింది 11 రాత్రి.

1998 జనవరిలో మీ పెద్దమ్మ పురిటికి అమెరికా బయలుదేరాను. టికెట్టు మీద 18వ తారీకు, 01:15 అని ఉంది. 18 రాత్రి అనుకున్నాం నేనూ మీ తాతయ్యా. 17 మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, 18 తెల్లవారేసరికి బొంబాయిలో దిగాం. దాదర్‌లో తెలిసినవాళ్లింట స్నానం చేసి, భోజనం చేసి, హాయిగా నిద్రపోయాను కూడా. రాత్రి పదింటికి సహార్ ఎయిర్‌పోర్టులో, కౌంటర్ దగ్గరి అమ్మాయి టికెట్టు మీద తారీకు కింద గోరుతో గీత గీసి చూపించింది. మేము రైలు దిగకముందే నా విమానం వెళ్లిపోయింది.

సున్నుండల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆ నేల మీదే కూలబడ్డాను. మీ తాతయ్య నన్ను ఒక్క మాట అనలేదు. బయట ఐఎస్‌డీ బూత్‌నుంచి ఫోను చేస్తే, అక్కడ పొద్దున పదిగంటలు. "సాయంత్రం నిన్ను తీసుకురావడానికి ఆయన సెలవు పెట్టారమ్మా" అంది మీ పెద్దమ్మ, నేను నోరు తెరవకముందే. మళ్లీ సీటు దొరికింది ఆరు రోజులకు. నాలుగోరోజే కాన్పయింది. నొప్పులు పడుతుంటే పక్కన తల్లి లేదు దానికి. అది ఏనాడూ నన్ను తప్పు పట్టలేదు, అందుకే నాకింకా బాధ.

అప్పుడు పుట్టినవాడే ఇప్పుడు నిన్ను తీసుకువెళ్లడానికి ఎయిర్‌పోర్టుకు వస్తున్నాడు. వాడిచేత తారీకు రెండుసార్లు చెప్పించుకున్నాను. నువ్వూ ఈ ఉత్తరం చదవగానే ఫోను చేసి, టికెట్టు చేత్తో పట్టుకుని చదివి వినిపించు. విసుక్కోకు తల్లీ.

నువ్వు అక్కడ దిగేసరికి ఇక్కడ 13వ తారీకు తెల్లవారుజామున 2:10 అవుతుంది. నేను మేలుకునే ఉంటాను.

మీ అమ్మమ్మ