తెప్ప మాటల మీద డాక్టరేటా?

శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కళాశాల గ్రంథాలయాన్ని ముప్పై ఒక్క ఏళ్లు చూసుకున్నాను. ఆ పరిచయంతోనే పాఠకులు నాకు రాస్తుంటారు. ఈ నెల ఉత్తరాల్లో నాలుగు పరిశోధన గురించే అడిగాయి. వాటికే ఈసారి చోటిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాదులో రసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. అమ్మాయి ఎమ్మే తెలుగు పూర్తిచేసి, బారువ నుంచి కళింగపట్నం దాకా మత్స్యకారుల మాటల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. గాలి పేర్లు, వలల పేర్లు ఏరుకుంటూ అయిదేళ్లు తీరం వెంట తిరగడం పరిశోధన అవుతుందా? బంధువులు అడిగితే అబ్బాయి పని చెప్పగలుగుతున్నాను, అమ్మాయి పని చెప్పలేకపోతున్నాను.
— ఒక తండ్రి, టెక్కలి

జవాబు: అయ్యా, మీ అబ్బాయి ఏ రసాయనంలో ఏమి వెతుకుతున్నాడో బంధువులకు నిజంగా చెప్పారా? రసాయన శాస్త్రం అనగానే వాళ్లు తల ఊపి ఉంటారు. ఆ శాస్త్రం పేరుకు ఉన్న గౌరవం మీ పనిని తేలిక చేసింది. అమ్మాయి విషయంలో ఆ సాయం లేదు కాబట్టి పనినే వివరించాల్సి వస్తోంది. ఆ వివరణకు నేను తోడు వస్తాను.

ఒక వారం నా బల్ల మీదికి మూడు పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి. ఒకటి జీడిచెట్ల కాండం తొలిచే పురుగు మీద, ఒకటి సింహాచలం శాసనాల్లోని దీపదానాల మీద, మూడోది సంఖ్యల గణితం మీద. మూడోదానిలో నాకు ఒక్క పేజీ కూడా అర్థం కాలేదు. అయినా మూడింటినీ తిరగేశాను. పురుగు మీద పనిచేసిన ఆయన తోటలో చెట్టు చెట్టుకూ వెళ్లి రంధ్రాలు లెక్కపెట్టాడు. శాసనాల మీద రాసినావిడ రాతిమీది అక్షరాన్ని పక్క రాతిమీది అక్షరంతో పోల్చి కాలం తేల్చింది. గణితం ఆయన దేన్నీ కొలవలేదు. ఒక మాట ఒప్పుకుంటే తర్వాతి మాట ఒప్పుకోక తప్పని విధంగా మెట్టు మీద మెట్టు కట్టాడు. ముగ్గురి రుజువులూ మూడు రకాలు. కానీ 'నీకు ఎలా తెలిసింది?' అని అడిగితే ముగ్గురి దగ్గరా జవాబు ఉంది. మీ అమ్మాయిని ఆ ప్రశ్నే అడగండి. ఏ ఊళ్లో, ఎంత వయసు వాళ్ల దగ్గర, ఎన్నిసార్లు విని ఈ మాట రాశావు, పక్క ఊళ్లో అదే మాటకు అర్థం మారిందా అని. వాటికి జవాబు చెప్పగలిగితే ఆమెది పరిశోధనే.

మన జిల్లాలోనే ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఉంది. 1863లో పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో చరిత్ర చెప్పే బడిపంతులు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. ఆయన మిగతా పని చూడండి. తెలుగు తెలిసిన ఒక సవర గిరిజనుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర కొండల్లో తిరిగితే మలేరియా వచ్చింది, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతింది. భాష వినడానికి వెళ్లిన మనిషి చెవులు పోగొట్టుకున్నారు, పని మాత్రం వదలలేదు. ఆయన సవర వ్యాకరణం 1931లో వెలువడింది. మన కొండల్లోని ఆ భాషకు దగ్గరి చుట్టాలు తెలుగూ ఒడియా కావు. అది ముండా శాఖకు చెందినది, దూరాన కంబోడియా ఖ్మేరుతో, వియత్నాం భాషతో బంధుత్వం ఉన్నది. ఇదే పంతులుగారు ముఖలింగం గుడి గోడల మీది శాసనాలను సొంతంగా చదవడం నేర్చుకుని, గాంగ రాజుల రాజధాని కళింగనగరం అదేనని వాదించారు. భాష ఒక శాస్త్రం, శాసనం ఇంకో శాస్త్రం అని ఆయన గిరి గీసుకోలేదు.

ఇక తెప్ప మాటలు. దుంగలు కట్టిన తెప్పల స్థానంలో మోటారు బోట్లు వచ్చాయి. తెడ్డు చేత్తో పట్టినవాడు నీటి వాటాన్ని ఒంటితో తెలుసుకునేవాడు, దానికి పేరు పెట్టుకునేవాడు. మన తీరం వెంట నీటి ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి సాగుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి తిరుగుతుంది. సముద్ర శాస్త్రజ్ఞులు దీన్ని పరికరాలతో కొలిచారు. తెప్ప వేసినవాళ్లకు ఆ మలుపు పొట్టకూటి విషయం. డెబ్బై దాటిన ఆ మనుషులు ఇంకెన్నాళ్లు ఉంటారు? మీ అబ్బాయి ప్రయోగం వచ్చే ఏడాది చేసినా అవుతుంది. అమ్మాయి పనికి ఆ వెసులుబాటు లేదు.

'ఏనాటికైనా పనికొస్తుంది' అన్న వాదనను నేను పెద్దగా మోయను. చాలా పరిశోధనలు ఎవరికీ పనికిరాకుండానే అరల్లో ఉంటాయి, అది నేను కళ్లారా చూశాను. అయితే ఒక ముచ్చట మీ ఇద్దరు పిల్లలకూ చెప్పండి. ఛందస్సులో గణాల కోసం 'యమాతారాజభానసలగం' అని బట్టీపట్టాం కదా. మూడేసి అక్షరాలు వరసగా తీసుకోండి. యమాతా అంటే యగణం, మాతారా మగణం, తారాజ తగణం, అలా సలగం దాకా. ఎనిమిది గణాలను విడివిడిగా రాస్తే ఇరవై నాలుగు అక్షరాలు కావాలి. ఇక్కడ పదింటిలో ఇమిడిపోయాయి, ఏ గణమూ రెండుసార్లు రాలేదు. ఇలాంటి వరసలకు గణితంలో డి బ్రాయిన్ వరసలని పేరు. 1946లో వాటి మీద వ్యాసం రాసిన డచ్చి గణితజ్ఞుడి పేరు అది. ఇప్పుడు జీవశాస్త్రజ్ఞులు జన్యుక్రమాన్ని చిన్న చిన్న ముక్కలుగా చదివి, ఒకదాని తోక ఇంకోదాని తలతో కలిసే చోటు పట్టుకుని మొత్తం అల్లుతున్నారు. ఆ అల్లికకు ఈ లెక్కే ఆధారం. పద్యం చెప్పుకునేవాళ్ల గుర్తుమాటలో ఈ అమరిక ఉందని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం.

ప్రశ్న: మాది ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలం. మా దగ్గరి మూత్రపిండాల జబ్బుకు కారణం వెతుకుతామని ఇరవై ఏళ్లుగా ఎవరెవరో వచ్చి రక్తం, మూత్రం, బావి నీళ్లు పట్టుకెళ్తున్నారు. కారణం మాత్రం ఎవరూ తేల్చలేదు. ఒక బృందం ఫలితాలు చెబుతామని వెళ్లి మళ్లీ రాలేదు. ఇన్ని శాస్త్రాలు కలిసి ఒక జబ్బు కారణం చెప్పలేకపోతే పరిశోధన ఎందుకు?
— ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదివి రెండు రోజులు కలం పట్టలేకపోయాను. మా పెద్దమ్మగారిదీ ఉద్దానమే, వజ్రపుకొత్తూరు మండలం. ఆ ఇంటి నుంచి ఇద్దరిని డయాలసిస్‌కు తీసుకెళ్లాం.

ఫలితం చెప్పకుండా వెళ్లిపోవడం తప్పు, దానికి సమర్థన లేదు. రక్తం ఇచ్చిన మనిషికి తన క్రియాటినిన్, అంటే మూత్రపిండాలు వడకట్టాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత ఉందో తెలియాలి. ఈసారి ఎవరు వచ్చినా ఏమి కొలుస్తారు, ఎప్పుడు చెబుతారు, ఎవరు వచ్చి చెబుతారు అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. ఊరంతా కలిసి అడిగితే కాదనలేరు.

ఆలస్యానికి కారణం జబ్బు స్వభావంలోనే ఉంది. మధుమేహం, రక్తపోటు లేని రైతుకూలీలకు కూడా వస్తుంది. క్రియాటినిన్ పెరిగి కనబడేసరికే మూత్రపిండాల పని దాదాపు సగం పోయి ఉంటుంది. అంటే ఈరోజు బయటపడిన జబ్బుకు మూలం ఎన్నో ఏళ్ల కిందటి నీళ్లలో ఉందో, పురుగుమందులో ఉందో, ఎండలో చెమటోడ్చిన పనిలో ఉందో, పుట్టుకతో వచ్చిన లక్షణంలో ఉందో. ఇవన్నీ కలిశాయేమో కూడా. ఇవాళ్టి బావి నీళ్లను పరీక్షించి ఆనాటి నీళ్ల సంగతి చెప్పలేం. శ్రీలంక వరి రైతుల్లో, మధ్య అమెరికా చెరకు కోసే కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా వాదన తెగలేదు.

తెగిన కథ ఒకటి చెబుతాను. ఐరోపాలో డాన్యూబు ఉపనదుల ఒడ్డు పల్లెల్లో ఒక మూత్రపిండాల జబ్బును 1950లలో వైద్యులు గుర్తించారు. ఒక ఊళ్లో ఉండేది, పక్క ఊళ్లో ఉండేది కాదు, అచ్చం మీ దగ్గరలాగే. నీళ్లను, ధాన్యానికి పట్టే బూజును, లోహాలను అన్నిటినీ అనుమానించారు. 1990ల మొదట్లో ఎక్కడో బెల్జియంలో బరువు తగ్గే మందు తిన్న స్త్రీలకు మూత్రపిండాలు చెడిపోయాయి. ఆ మందులో కలిసిన మూలికలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. డాన్యూబు రోగుల మూత్రపిండాలు కూడా అదే తీరున దెబ్బతిన్నాయని పోలిక పట్టారు. ఆ ఆమ్లం ఉన్న మొక్క అక్కడి గోధుమ చేలలో కలుపుగా పెరుగుతుంది, గింజలు గోధుమల్లో కలిసి రొట్టెలోకి వచ్చేవి. 2007లో రోగుల మూత్రపిండాల డీఎన్‌ఏలో ఆ ఆమ్లం వదిలిన జాడ చూపించారు. అర్ధ శతాబ్దం పట్టింది. కలుపు మొక్కలు తెలిసినవాళ్లు, మూత్రపిండాల వైద్యులు, అణుజీవశాస్త్రజ్ఞులు ఒకరి మాట ఒకరు వింటే తప్ప తేలలేదు. ఉద్దానానికి కారణం అదేనని నేను అనడం లేదు. మన ఈశ్వరి వేరు ఆ మొక్క కుటుంబానిదే, అందులోనూ ఆ ఆమ్లం ఉంటుంది కాబట్టి వేరు కషాయాలకు మాత్రం దూరంగా ఉండమని మీ ఊళ్లో చెప్పండి.

మీ దగ్గర లోపించినది శాస్త్రాలు కావు, వాటి మధ్య మాట. నీళ్లు కొలిచినవాళ్ల లెక్కలు, వైద్యుల లెక్కలు, ఎవరు ఏ ఏడు ఏ తోటలో పనిచేశారన్న లెక్కలు వేర్వేరు చోట్ల పడి ఉంటే లాభం లేదు. ఆ మూడో లెక్క మీలాంటి ఉపాధ్యాయుడే రాయగలడు. ఇంటింటి కథ ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టండి, తేదీలతో. ఇంటివాళ్ల అనుమతి లేకుండా మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ప్రశ్న: వీణ తయారీ మీద పరిశోధన చేయాలని ఉంది. అది సంగీతమా, భౌతికశాస్త్రమా? ఏ విభాగంలో చేరాలి?
— ఒక విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: అమ్మా, మీ గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేసే పనివారి దగ్గర ముందు నెల రోజులు కూర్చోండి. మీకు అక్కడ ఏ ప్రశ్న పుడుతుందో దాన్నిబట్టి విభాగం. సి.వి.రామన్ బాల్యంలో చదివింది విశాఖపట్నంలోనే. ఆయన 1921లో వీణ, తంబురాల మీద వ్యాసం ప్రచురించారు. తీగను ఒక చోట మీటితే ఆ చోట కదలిక ఉండని ఉపస్వరాలు వినిపించకూడదన్నది పాత నియమం. వీణలో అవీ వినిపిస్తాయి. తీగలను మోసే గుర్రం అనే మెట్టు పైభాగం వెడల్పుగా, కాస్త వంపుగా ఉండి తీగ దాన్ని రాసుకుంటూ కదలడమే కారణమని ఆయన చూపించారు. ఆ వంపును ఎంత ఉంచాలో పనివాడి చెవికి ముందే తెలుసు. ఆ చెవి మీద రాస్తే సంగీతం, ఆ వంపు మీద రాస్తే భౌతికశాస్త్రం. నాకూ ఇలాంటి ప్రశ్న ఒకటి ఉంది. నాది ఖద్దరు నేసే పొందూరు. మా అమ్మ వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసేది. ఆ పళ్ల సన్నదనం ఎందుకు కుదురుతుందో ఎవరైనా కొలిస్తే చదవాలని నాకు ఇప్పటికీ ఆశ.

ప్రశ్న: ఈ సిద్ధాంత గ్రంథాలు మాలాంటివాళ్లు చూడాలంటే ఎక్కడ దొరుకుతాయి? నా దగ్గర ఫోను తప్ప ఏమీ లేదు.
— డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: ఫోను చాలు బాబూ. 'శోధ్‌గంగా' అని వెతకండి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ నడిపే భాండారం అది, దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి, తెలుగులో రాసినవి కూడా. పేజీలు చూసి భయపడకండి. మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం చదివి, నచ్చితేనే మధ్యలోకి వెళ్లండి. వెతికే చోట ముందుగా మీ ఊరి పేరు కొట్టి చూడండి.