కేబుల్ తీయించేసి పూర్తిగా ఓటీటీకి మారిపోవచ్చా? పల్లెల్లో ఉండేవాళ్ళు మీ అనుభవం చెప్పండి

మాది కోనసీమలో కాట్రేనికోన వైపు ఒక ఊరు. రొయ్యల చెరువులు చేస్తాం. జవాబు ముందే చెప్పేస్తాను: మారొచ్చు. కానీ భారమంతా నెట్ మీద వేయకండి. చూడాలనుకున్నవి ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఇది మా నాన్నని చూసి నేను నేర్చుకున్న సంగతి.

చెరువు పని తెలియనివాళ్ళకి ఒక మాట. నీళ్ళలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. పగలు ఎండకి ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి దాన్ని పీల్చేసుకుంటుంది. అందుకని నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతున్నాయా, కరెంటు పోతే జనరేటర్ వేశారా అని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. నాన్న ఏళ్ళ తరబడి మకాంలోనే, అంటే చెరువు దగ్గరి కాపలా పాకలోనే పడుకున్నారు. ఆయనకి సినిమాలంటే ప్రాణం. నా చిన్నప్పుడు టీవీలో సినిమా మొదలయ్యే వేళకి ఇంటికొచ్చేవారు, సగంలో చెరువు నుంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయేవారు. పొద్దున్నే టీ తాగుతూ "తర్వాత ఏమైందిరా?" అని అడిగితే నేనూ చెల్లీ పోటీపడి చెప్పేవాళ్ళం. ఆయన చాలా సినిమాల రెండో సగం మా నోటి నుంచి విన్నదే.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. సినిమాలు పెరిగాయి కానీ వేళ మాత్రం వాళ్ళదే. మనకి నచ్చినప్పుడు చూడాలంటే టీవీ, వీడియో క్యాసెట్లు వేసే వీసీపీ అద్దెకి తెచ్చుకోవాలి. అదీ ఏ పెళ్ళికో, పండక్కో. రాత్రంతా మూడు సినిమాలు వేస్తే వీధంతా మా అరుగు ముందు చాపలు పరిచేది.

నాన్నకి అసలు మార్పు తెచ్చింది ఓటీటీ కాదు, మెమరీ కార్డు. మండల కేంద్రంలో ఒక సెల్ షాపు ఉండేది. కార్డు ఇస్తే "ఏం ఎక్కించమంటారండి?" అని అడిగి, కంప్యూటర్లో ఉన్నవాటిలోంచి పాటలూ సినిమాలూ ఎక్కించేవాడు. 2 జీబీ కార్డు నిండా 50 రూపాయలు. నాన్న ఆ కార్డు చొక్కా జేబులో చిన్న కవర్లో పెట్టుకుని చెరువుకి వెళ్ళేవారు. మొదటిసారి ఒక సినిమా మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో నాలుగుసార్లు ఆపి గట్టు మీదికి వెళ్ళొచ్చి మరీ చూశారు. ఆ పొద్దున్న ఆయనే మాకు కథ చెప్పారు.

అది దొంగ కాపీ. ఆ 50 రూపాయల్లో సినిమా తీసినవాళ్ళకి పైసా పోలేదు. అప్పుడు మాకు ఆ ఆలోచనే రాలేదు, వచ్చి ఉండాల్సింది. అయితే మా అవసరం మాత్రం నిజం: రాత్రిపూట చెరువు దగ్గర సిగ్నల్ ఉండదు, కాబట్టి సినిమా చేతిలో ఉండాలి. ఆ అవసరం కంపెనీలకి నెమ్మదిగా అర్థమైంది. యూట్యూబ్ 2014 డిసెంబరులో మన దేశంలో వీడియోలు దాచుకుని 48 గంటల్లోపు నెట్ లేకుండా చూసే వీలు ఇచ్చింది. తర్వాత 2016 ఒక్క ఏడాదిలో అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. జనవరిలో నెట్‌ఫ్లిక్స్ ఇక్కడికి వచ్చింది. సెప్టెంబరులో జియో ఉచిత డేటాతో మొదలైంది. నవంబరులో నెట్‌ఫ్లిక్స్ డౌన్‌లోడ్ వసతి ఇచ్చింది. డిసెంబరులో ప్రైమ్ వీడియో వచ్చింది. అంతకుముందు ఒక జీబీ డేటాని నెలంతా పొదుపుగా వాడుకునేవాణ్ణి. మామూలు క్వాలిటీలో గంట సినిమాకి దాదాపు అంత డేటా అవుతుంది. జియో వచ్చిన నెలలో సెల్ షాపుకి కార్డు తీసుకెళ్ళడం మానేశాం. 2020లో తెలుగు కోసమే ఆహా వచ్చింది. లాక్‌డౌన్‌లో ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. ఆ భాగం మీ అందరికీ తెలిసిందే.

2022లో ఏం జరిగిందో మాత్రం చెప్పాలి. మే 24న అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో మొబైల్ నెట్ రోజుల తరబడి ఆపేశారు. ఇంటి నుంచి ఉద్యోగం చేస్తున్న మా చెల్లి లాప్‌టాప్ పట్టుకుని, సిగ్నల్ దొరుకుతుందేమోనని రోజూ ఏటిగట్టుకి వెళ్ళేది. నాన్న ఫోన్లో ముందే దాచిపెట్టిన ఎనిమిది సినిమాలు ఉన్నాయి, ఆయనకి ఇబ్బంది లేదనుకున్నాను. వారం తిరిగేసరికి మూడు తెరుచుకోలేదు. "నెట్‌కి కనెక్ట్ అవ్వండి" అని చూపించాయి. యాప్‌లో డౌన్‌లోడ్ చేసింది మన ఫైలు కాదని అప్పుడు తెలిసింది. అది ఆ యాప్‌లోనే తెరుచుకునేలా తాళం వేసి ఉంటుంది, దానికో గడువు ఉంటుంది, అప్పుడప్పుడు నెట్‌కి కలిపితేనే గడువు పెరుగుతుంది. ఎన్ని రోజులన్నది యాప్‌ని బట్టి, సినిమాని బట్టి మారుతుంది. ఆ జూలైలోనే పెద్ద వరద వచ్చింది. ఈసారి ముందే అన్నీ ఒకసారి నెట్‌కి కలిపి, కొత్తవి ఎక్కించి ఉంచాను. కరెంటు లేని రాత్రుల్లో ఫోన్లు జనరేటర్ దగ్గర చార్జింగ్ పెట్టుకున్నాం. నాన్నతోపాటు మకాంలో ఉన్న నలుగురూ అవే చూశారు.

అమ్మ బాధ వేరు. ఆమెకి ఒక పాత సినిమా ఉంది, మనసు బాగోలేనప్పుడల్లా అదే పెట్టుకునేది. ఒకరోజు "నా సినిమా ఏదిరా? మొన్న ఇక్కడే చూశాను కదా" అంది. ఎంత వెతికినా దొరకలేదు. హక్కులు కొన్నాళ్ళకే కొంటారు, ఆ గడువు అయిపోతే తీసేస్తారు. నెలనెలా డబ్బు కడుతున్నాం కాబట్టి అది మనదే అనుకుంటాం. అమ్మకి ఈ సంగతి చెప్పడం నాకు చాలా కష్టమైంది. తర్వాత ఆ సినిమా డీవీడీ రాజమండ్రిలో వెతికి కొనుక్కొచ్చాను. ప్లేయర్ ఇంకా దాచి ఉంచాం.

మేం కేబుల్ తీయించలేదు. వంట చేస్తూ ఏది వస్తే అది చూడటం అమ్మకి ఇష్టం. పైగా మా ఊళ్ళో నెట్ తీగ కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. గాలివానకి కొబ్బరి మట్ట పడితే తెగిపోతుంది, బాగుచేయడానికి మూడు రోజులు పట్టిన సందర్భాలూ ఉన్నాయి.

మీది పట్టణమై, ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోన్ అలవాటైతే నిశ్చింతగా తీయించేయండి. పల్లె అయితే ఒక వానాకాలం రెండూ ఉంచి చూడండి. వైఫై ఉన్నచోట మీడియం క్వాలిటీలో ఐదారు సినిమాలు దింపండి, చిన్న తెర మీద పెద్దగా తేడా తెలియదు. తుఫాను హెచ్చరిక రాగానే ప్రతి యాప్‌నీ ఒకసారి నెట్‌తో తెరిచి, డౌన్‌లోడ్‌ల దగ్గర గడువు చూసుకోండి. మా ఇంట్లో కొవ్వొత్తులు, టార్చిలైటు సర్దుకునేటప్పుడే ఇదీ చూసుకుంటాం.