జలమార్గాల చరిత్రను చెప్పే మ్యూజియంలు ఆంధ్రలో ఏమున్నాయి? పిల్లలకు అవి అర్థమవుతాయా?

నదులు, కాలువలు, సముద్రయానాల చరిత్రను చూపే మ్యూజియంలకు పదేళ్ల పిల్లలను తీసుకువెళితే ప్రయోజనం ఉంటుందా అని మీరు అడిగారు. నేను మా అబ్బాయితో, గోదావరి ఆనకట్ట కట్టించిన బ్రిటిష్ ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ పేరిట ధవళేశ్వరంలో ఉన్న కాలువల మ్యూజియానికి మూడుసార్లు, విశాఖపట్నంలోని కుర్సురా జలాంతర్గామి మ్యూజియానికి రెండుసార్లు వెళ్లాను. తప్పకుండా ప్రయోజనం ఉంటుంది, అయితే ధవళేశ్వరం మ్యూజియంలో సగం భాగం భవనం బయటే ఉంటుందని ముందే తెలుసుకుని వెళ్లాలి.

ధవళేశ్వరానికి మొదటిసారి వెళ్లినప్పుడు నాకు ఈ సంగతి తెలియలేదు. నమూనాలు, పాత ఛాయాచిత్రాలు, ఆవరణలోని పాత యంత్రాలు చూసి అరగంటలో బయటికి వచ్చేశాం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట గోదావరి డెల్టాను పంటభూమిగా మార్చిందన్న మాట తప్ప మా అబ్బాయికి ఏమీ గుర్తులేదు. నిజానికి ఆ కాలువలను పొలాలకు నీరు పారించడానికే కాక పడవలు నడవడానికి కూడా అనువుగా తవ్వారు. సరుకుల రవాణాకు రైలు కంటే నీటి దారే చౌక అని కాటన్ జీవితాంతం వాదించారు. ఈ రెండో సగం తెలియకుండా ఆ మ్యూజియం చూడటం అసంపూర్ణమని నా అభిప్రాయం.

రెండోసారి మా తాతగారిని వెంటబెట్టుకుని వెళ్లాం. ఆయన యౌవనంలో కొన్నేళ్లు ఏలూరు కాలువ మీద ధాన్యం పడవల్లో పనిచేశారు. మ్యూజియం చూశాక ఆయన మమ్మల్ని తూర్పు కాలువ మొదట్లో ఉన్న లాకుల దగ్గరికి నడిపించి, అక్కడ నిలబెట్టి విషయమంతా చెప్పారు. లాకు అంటే రెండు చివరలా తలుపులున్న పెద్ద తొట్టి. ఎగువ నుంచి వచ్చిన పడవ అందులోకి చేరాక వెనుక తలుపులు మూసి, దిగువ తలుపుల తూములు ఎత్తితే నీరు మెల్లగా దిగిపోతుంది, నీటితోపాటు పడవా దిగుతుంది. తొట్టిలోని మట్టం దిగువ కాలువ మట్టంతో సమానమయ్యేదాకా ఆ తలుపులు తెరుచుకోవు. జంట తలుపులు ఎగువ వైపు కోణంగా కలుస్తాయి కాబట్టి నీటి బరువే వాటిని బిగించి పట్టుకుంటుంది. మా అబ్బాయి తన రెండు అరచేతులను ఆ కోణంలో కలిపి, తాతగారిని ఎదురుగా నెట్టమని అడిగి మరీ నిర్ధారించుకున్నాడు. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవారమనీ, లేకపోతే గెడ వేసేవారమనీ, ఎదురు నీటిలో ఇద్దరు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగవలసి వచ్చేదనీ ఆయన చెబుతుంటే మ్యూజియంలో చూసిన ప్రతి నమూనాకూ మాకు అర్థం దొరికింది.

వెళ్లేముందు ఒక పటం దగ్గర పెట్టుకోండి. కాకినాడ నుంచి గోదావరి కాలువల మీదుగా, ఏలూరు కాలువలో కృష్ణకు, అక్కడి నుంచి కొమ్మమూరు కాలువలో పెదగంజాం దాకా, ఆపైన బకింగ్‌హామ్ కాలువలో చెన్నై మీదుగా ఇంకా దక్షిణానికి ఒకే జలమార్గం సాగుతుంది. అందులో కొంత భాగాన్ని 1877-78 కరువు రోజుల్లో కూలీలకు పని కల్పించడానికి తవ్వించారు. 2008లో దీన్ని గోదావరి, కృష్ణా నదుల భాగాలతో కలిపి నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆ గీతను పిల్లల చేత వేలితో గీయించండి.

కుర్సురా పూర్తిగా వేరే అనుభవం. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 2001లో విధుల నుంచి విరమించింది, 2002 ఆగస్టు నుంచి రామకృష్ణా బీచ్ ఒడ్డున సందర్శకులకు తెరిచి ఉంది. తొంభై మీటర్ల పైచిలుకు పొడవున్నా లోపల మనిషి తిరిగే చోటు ఎంత తక్కువో, గుండ్రని ద్వారాల్లో వంగి దాటుతున్నప్పుడు గాని తెలియదు. అక్కడ వివరించేవారు నౌకాదళంలో పనిచేసి విరమించినవారు. జనం వెనుక నుంచి నెట్టుతున్నా ఆగి, ఎక్కడ పడుకునేవారు, ఏం వండుకునేవారు అని అడగండి. మాకు ఒక పెద్దాయన ఎంతో ఓపికగా, తన సొంత ఇల్లు చూపిస్తున్నంత ఆప్యాయంగా చెప్పారు.

ధవళేశ్వరం ప్రయాణాన్ని నీళ్లున్న రోజుల్లో ఒకసారి, వీలైతే వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మరోసారి పెట్టుకోండి. మూడోసారి మేము మే నెలలో వెళ్లినప్పుడు, మామూలుగా నీటిలో మునిగి ఉండే రాతికట్టడమూ తలుపుల అడుగు భాగమూ బయటపడి కనిపించాయి. గట్టు అంచున అన్నిచోట్లా కమ్మీలు ఉండవు కనుక లాకుల దగ్గర పిల్లల చేయి మాత్రం వదలకండి.