అడగండి, చెబుతా: అమ్మని జేసీసీలో చేర్పించొచ్చా?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికాలోని పిట్స్‌బర్గ్‌వే. వెంకన్న గుడి గురించి అనుకునేరు, కాదు. స్క్విరల్ హిల్‌లో ఫోర్బ్స్, మర్రే రోడ్లు కలిసే మూల మీద ఉన్న జూయిష్ కమ్యూనిటీ సెంటర్ గురించి. అంకెలకు బదులు హీబ్రూ అక్షరాలున్న గడియారం కనిపిస్తుందే, ఆ భవనం. ఊళ్ళో అందరూ జేసీసీ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

ప్రశ్న: మా అమ్మ తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చింది. మేమిద్దరం ఆఫీసులకి, పాప స్కూలుకి పోతే సాయంత్రం దాకా ఇంట్లో ఒక్కతే. జేసీసీ మా ఇంటికి రెండు వీధుల అవతలే. పెద్దవాళ్ళకి రకరకాల క్లాసులున్నాయట. మా వారేమో "అది వాళ్ళ మతం వాళ్ళది, మనకెందుకు? రేపు అత్తయ్యగారిని కలిపేసుకుంటే?" అంటున్నారు. అమ్మ ఒకసారి గుమ్మం దాకా వెళ్ళి, గార్డుని చూసి వెనక్కొచ్చేసింది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు మీ వారి భయం తీరుద్దాం. యూదులు మతంలోకి రమ్మని ఎవర్నీ పిలవరు. తనంతట తాను వస్తానన్నవాణ్ని కూడా రబ్బీ, అంటే వాళ్ళ మతగురువు, మొదట వద్దని వెనక్కి పంపడం పాత ఆచారం. అయినా పట్టుబడితే నెలల తరబడి చదివించి, ఆ తర్వాతే సరేనంటారు. మీ అమ్మగారిని కలిపేసుకునేంత తొందర వాళ్ళకు లేదని ఆయనకి చెప్పండి. పైగా జేసీసీ ప్రార్థనా మందిరం కాదు. ఏ మతం వాళ్ళైనా సభ్యులు కావచ్చు. ఈత కొలను దగ్గర, వ్యాయామం గదిలో యూదులు కానివాళ్ళు బోలెడంత మంది కనిపిస్తారు.

అసలు ఈ సెంటర్ల పుట్టుకే మీ అమ్మగారి లాంటి వాళ్ళ కోసం. 1854లో బాల్టిమోర్‌లో యూదు కుర్రాళ్ళు పెట్టుకున్న సంఘంతో ఈ వరస మొదలైంది. పిట్స్‌బర్గ్‌లో 1895లో యూదు స్త్రీల సంఘం ఒకటి హిల్ డిస్ట్రిక్ట్‌లో బడి తెరిచింది. తూర్పు యూరప్ నుంచి ఓడ దిగి, ఒక్క ఇంగ్లీషు ముక్క రాక బిక్కచచ్చిపోయిన వాళ్ళకి అక్కడ భాష నేర్పేవారు, కుట్టుపని నేర్పేవారు. తర్వాత కాఫ్‌మన్ దంపతులు చనిపోయిన తమ కూతురు ఐరీన్ పేరిట దానికి పెద్ద భవనం కట్టించి ఇచ్చారు. ఇప్పటి జేసీసీ ఆ కొమ్మ నుంచి వచ్చిందే.

ఇక గార్డు. 2018 అక్టోబర్ 27న, శనివారం పొద్దున, అక్కడికి మైలు దూరం కూడా లేని ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరం) ఒకడు తుపాకీతో జొరబడి 11 మందిని చంపేశాడు. లోపలున్న తమవాళ్ళు ఏమయ్యారో తెలియక కుటుంబాలు కబురు కోసం కూర్చున్నది ఈ జేసీసీలోనే. అప్పట్నుంచీ కాపలా ఇంకా గట్టిగా ఉంది. మీ అమ్మగారిని ఆపడానికి కాదు, ఆవిడ లోపలున్నప్పుడు కాపాడటానికి. మొదటిసారి మీరు వెంట వెళ్ళండి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు పట్టుకెళ్ళండి. రెండోసారికి ఆ గార్డే ఆవిడకి గుడ్ మార్నింగ్ చెబుతాడు.

డబ్బు సంగతి. ఆరు నెలల మనిషికి ఏడాది సభ్యత్వం దండగ. సభ్యులు కానివాళ్ళకి చాలా క్లాసులు కాస్త ఎక్కువ ఫీజుతో విడిగా దొరుకుతాయి, అవి అడగండి. పక్కింటి ముసలావిడ "నాకు ఫ్రీ" అందని మీరూ ఫ్రీ అనుకోవద్దు. అది ఆవిడ మెడికేర్ (అక్కడి పెద్దవాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్లానుతో వచ్చే వెసులుబాటు. విజిటర్ ఇన్సూరెన్స్‌తో రాదు. వీసా మీద వచ్చినవాళ్ళు సరదాగా నేర్చుకునే చిన్న క్లాసులకి వెళ్ళొచ్చు, డిగ్రీకి లెక్కకొచ్చే చదువు మాత్రం కూడదు.

ఏ క్లాసంటే, నా ఓటు మాజాంగ్‌కి. నవ్వకండి. బొమ్మలున్న చిన్న ముక్కలతో ఆడే చైనా ఆటే, కానీ 1937లో న్యూయార్క్‌లో ఎక్కువగా యూదు ఆడవాళ్ళే ఓ సంఘం పెట్టి, దానికి అమెరికా నియమాలు రాశారు. ఇప్పటికీ ఏటా కొత్త కార్డు అచ్చేస్తారు, ఆ ఏడాది ఏ ముక్కల వరసకి గెలుపో అందులో ఉంటుంది. బల్లకి నలుగురు, 152 ముక్కలు. ఆట మొదట్లో మనకి అక్కర్లేని మూడు ముక్కలు ముందు కుడిపక్కావిడకి, తర్వాత ఎదుటావిడకి, తర్వాత ఎడమపక్కావిడకి తోస్తాం. నవ్వులూ తిట్లూ అన్నీ అక్కడే. తెనాలిలో పెళ్ళిళ్ళప్పుడు రమ్మీకి కూర్చున్న చెయ్యి ఐతే మీ అమ్మగారికి ఇట్టే పట్టుబడుతుంది. ఇంగ్లీషు పది మాటలొస్తే చాలు. వ్యాయామం క్లాసులో పక్కవాళ్ళ పేరైనా తెలియకుండా ఇంటికొచ్చెయ్యొచ్చు. ఈ బల్ల దగ్గర అది కుదరదు.

సెప్టెంబర్, అక్టోబర్‌లలో పండగలకి సెలవులు ఎక్కువ, వాళ్ళ ఉపవాసపు రోజు యోమ్ కిప్పూర్ నాడు తలుపులు తెరవరు. తేదీలు ఏటా మారతాయి, ఎందుకంటే వాళ్ళదీ చంద్రుణ్ణి బట్టి నడిచే పంచాంగమే, 19 ఏళ్ళలో 7 అధిక మాసాలు. ఈ మాట మీ అమ్మగారితో అని చూడండి, సగం బెరుకు పోతుంది.

ప్రశ్న: ఎల్ఐసీలో రిటైరై, గ్రీన్‌కార్డు మీద మా అబ్బాయి దగ్గరుంటున్నాను. జిమ్ము, ఈత నా వంటికి పడవు. అక్కడ బైబిల్, తాల్ముద్ (యూదుల ధర్మ చర్చల గ్రంథం) చదివించే క్లాసులున్నాయని విన్నాను. భాగవతం, గీత చదువుకున్నవాణ్ని, హీబ్రూ రాదు. వెళితే నవ్వరు కదా?

జవాబు: నవ్వరండీ, వాదిస్తారు. మీరు ముందుగా తెలుసుకోవాల్సింది అదే.

ఇంగ్లీషు అనువాదం పక్కనే ఉంటుంది, హీబ్రూ గురించి బెంగ వద్దు. టీచరు తలా ఒక కాగితం పంచి, ఇద్దరిద్దర్ని జత కలుపుతారు. హెవ్రూతా అంటారు దాన్ని. ఆ ఇద్దరూ పైకి చదువుకోవాలి, ఒకరి అర్థాన్ని ఇంకొకరు కాదనాలి. గదంతా సంతలా మోగుతుంది. మన గ్రంథాలయాల్లో "నిశ్శబ్దం" బోర్డు కింద పెరిగిన నాకు మొదట్లో తల తిరిగింది.

తాల్ముద్ పేజీ ఒకటి చూపిస్తారు, జాగ్రత్తగా చూడండి. నడిమధ్య మూలం. పుస్తకం కుట్టు వైపు రాషీ అనే పండితుడి వ్యాఖ్యానం. ఆయన ఫ్రాన్స్‌లో త్రువా ఊరివాడు, 1105లో పోయాడు. బయటి అంచున తోసఫోత్ అని ఇంకో వ్యాఖ్యానం. రాసింది రాషీ మనవలూ, వాళ్ళ తర్వాతి పండితులూ. పని? తాతగారు చెప్పింది ఎక్కడ పొసగలేదో ఎత్తిచూపడం! 1520ల్లో వెనిస్‌లో అచ్చేసినప్పటి పేజీ అమరికే నేటికీ నడుస్తోంది. వావిళ్ళవారి పుస్తకాల్లో శ్లోకం కింద టీక, తాత్పర్యం బుద్ధిగా కూర్చుంటాయి చూశారూ, ఇక్కడ వ్యాఖ్యాతలు చుట్టూ మూగి పోట్లాడుకుంటారు.

నేను కూర్చున్న ఒక క్లాసులో ఆదికాండం 18వ అధ్యాయం వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఎండలో అబ్రహాము గుడారం ముందు కూర్చుని ఉంటాడు, దేవుడు దర్శనమిస్తాడు. అంతలో ముగ్గురు బాటసారులు కనబడితే లేచి పరిగెత్తి వాళ్ళ కాళ్ళకి నీళ్ళిస్తాడు. దేవుణ్ణి నిలబెట్టి అతిథుల దగ్గరికి పోవచ్చా? పోవచ్చు, అతిథి మర్యాద దైవదర్శనం కన్నా గొప్పదని తాల్ముద్ తీర్పు. అంతటితో అయిపోతుందనుకున్నాను. నా జతగత్తె, ఎనభై దాటిన మనిషి, కళ్ళజోడు పైకి తోసి "అది సరే, వెన్న, పాలు, దూడమాంసం కలిపి పెట్టాడేమిటి?" అంది. పాలూ మాంసమూ కలపకూడదన్నది వాళ్ళకి గట్టి నియమం కదా. ముందు పాలు పెట్టి తర్వాత మాంసం పెట్టాడని ఒకరు, ఆ నియమం అప్పటికింకా రాలేదని ఒకరు. గంట గడిచింది, తేలలేదు. తేల్చాలని ఎవరికీ లేదు కూడా.

మీకొక్క మనవి. ప్రతి వాక్యానికీ "ఇది మా ఉపనిషత్తుల్లో ఎప్పుడో చెప్పారండీ" అనకండి. మన పెద్దమనుషులకి ఈ జబ్బుంది. నెలకోసారి అంటే ముచ్చటగా వింటారు.

వరసగా చదవాలనిపిస్తే మెల్టన్ స్కూల్ కోర్సులు వెతకండి, చాలా నగరాల్లో ఉన్నాయి. పెద్దవాళ్ళకోసమే పెట్టినవి, పరీక్షల్లేవు, హోంవర్కు లేదు. దాన్ని మొదలుపెట్టిన ఫ్లోరెన్స్ మెల్టన్ ఒహాయోలో మెత్తటి స్పాంజి అడుగున్న ఇంటి చెప్పుల వ్యాపారం చేసిన మనిషి. వసంతంలో వచ్చే పాస్‌ఓవర్ పండగ మొదలైన ఏడు వారాలకి షావువోత్ పండగ. ఆ రాత్రి జాగారం చేసి చదువుతారు, ఆ ఏడాది సెంటర్లో అలాంటిది పెడితే తప్పకుండా వెళ్ళండి. మధ్యలో చీజ్‌కేక్ పెడతారు, షుగరుంటే చూసుకోండి.

ప్రశ్న: క్లాసు ఆఖరి రోజుకి పులిహోర చేసుకెళ్దామనుకున్నాను. వద్దన్నారు. శాకాహారమే కదా, కోపం వచ్చింది.

జవాబు: కోపం వద్దమ్మా. కోషర్, అంటే యూదుల ఆహార నియమం, వంటగిన్నెలకీ వర్తిస్తుంది. మీ మూకుడు ఏం వండిందో వాళ్ళకి తెలియదు. మడి కట్టుకున్న మీ అమ్మమ్మ బయటివాళ్ళ వంట ముట్టేదా? కోషర్ అని చెప్పే, గుండ్రంలో యూ అక్షరం ముద్ర ఉన్న ప్యాకెట్టు, సీలు విప్పకుండా తీసుకెళ్ళండి. లేదా కొయ్యని పళ్ళు. ఏది తీసుకెళ్ళినా ముందు ఆఫీసులో ఒక మాట అడగండి. పాస్‌ఓవర్ వారంలో ఆ మామూలు ప్యాకెట్లు కూడా వద్దు.

ప్రశ్న: కూచిపూడి టీచర్ని, విజిటర్ వీసా మీద ఉన్నాను. అక్కడ పిల్లలకి నేర్పి నాలుగు డాలర్లు సంపాదించొచ్చా?

జవాబు: కూడదు. నగదుగా ఇచ్చినా కూడదు. నేర్చుకోవడానికి వెళ్ళండి.

ప్రశ్న: (గుంటూరు నుంచి) మన తెలుగువాళ్ళలో యూదులున్నారంటే మావాళ్ళు నమ్మడం లేదు.

జవాబు: ఉన్నారు, మీకు కూతవేటు దూరంలోనే. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకుని, 1991లో సినగాగ్ పెట్టుకున్నాయి. బెనె ఎఫ్రాయిం అంటారు. అంతకుముందు చాలామంది బాప్టిస్టు సంఘాల్లో ఉండేవారు. పెద్దయ్యాక హీబ్రూ దిద్దుకున్నారు. చూడాలనుకుంటే ముందు కబురు చేసి వెళ్ళండి. వాళ్ళ విశ్రాంతి దినమైన సబ్బాతు కాబట్టి శుక్రవారం పొద్దుగూకాక, శనివారం ఫోను జేబులోంచి తియ్యకండి, ఫొటోలు అసలే వద్దు.